గాట్స్‌బీ సంపదకు దొరకని గౌరవం

ప్రశ్న: ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ నవలలో నాయకుడు గాట్స్‌బీకి భవనం, కార్లు, అంతులేని డబ్బు ఉన్నా అతను ప్రేమించిన డైసీ ఎందుకు దక్కలేదు?

జవాబు: ఎఫ్. స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ 1925లో వెలువరించిన ఈ నవల డబ్బుకూ వర్గానికీ ఉన్న తేడా మీదే నిలబడింది. న్యూయార్క్ సమీపంలోని లాంగ్ ఐలాండ్‌లో రచయిత కల్పించిన రెండు ఊళ్లలో ఈస్ట్ ఎగ్ తరతరాల ఆస్తిపరులది కాగా, వెస్ట్ ఎగ్ కొత్తగా గడించినవారిది. డైసీ భర్త టామ్ బ్యుకానన్ సంపద వారసత్వంగా వచ్చింది కనుక దాని పుట్టుపూర్వోత్తరాలను ఎవరూ ఆరా తీయరు. గాట్స్‌బీ సంపద మాత్రం మద్యనిషేధ కాలంలో, అంటే అమెరికాలో రాజ్యాంగ సవరణ ద్వారా 1920 నుంచి 1933 వరకు మద్యం తయారీ, అమ్మకం, రవాణా నిషిద్ధమైన కాలంలో, దొంగచాటు మద్యం వ్యాపారంతో వచ్చినదని ప్లాజా హోటల్ గదిలో టామ్ బయటపెట్టగానే డైసీ వెనకడుగు వేస్తుంది.

అయితే గాట్స్‌బీని ఓడించింది నేరం ఒక్కటే కాదు. నార్త్ డకోటాలోని పేద రైతు కుటుంబంలో జేమ్స్ గాట్జ్‌గా పుట్టి, పేరు మార్చుకుని, ఆక్స్‌ఫర్డ్‌లో గడిపిన ఐదు నెలలను ఘనంగా చెప్పుకున్న అతని వేషభాషల్లోని ప్రయాస, పుట్టుకతో హోదా ఉన్నవారికి ఇట్టే కనిపిస్తుంది. అతని గులాబీరంగు సూటును టామ్ ఎగతాళి చేయడం అందుకే. టామ్ వివాహేతర సంబంధం సాగించినా, జాతి ఆధిక్యం గురించి అర్థంలేని సిద్ధాంతాలు వల్లించినా అతని స్థానం చెక్కుచెదరదు, నవలలోని అసలు చేదు ఇదే. గాట్స్‌బీ ప్రేమించింది డైసీనా, ఆమె చుట్టూ ఉన్న జీవితాన్నా అన్న ప్రశ్న తరచూ వినిపిస్తుంది గానీ, పేద సైనికాధికారిగా లూయీవిల్‌లో ఆమె ఇంట అడుగుపెట్టిన నాటినుంచీ ఆ రెండూ అతని మనసులో విడివడలేదని కథనమే సూచిస్తుంది.