ల్యాప్‌టాప్‌లోని ఖాళీ స్లాటు – దాని వినియోగము

నేటి విద్యార్థికి ల్యాప్‌టాప్ కంప్యూటరు పలకవలె, పుస్తకమువలె నిత్యావసర వస్తువైనది. అయితే నాలుగైదేండ్లు గడచి యంత్రము మందగించినంతనే దానిని పనికిరానిదిగా ఎంచి, క్రొత్తదానికై తల్లిదండ్రులచేత అప్పు చేయించుట పరిపాటియైనది. పెక్కు ల్యాప్‌టాప్‌లలో తయారీదారు విడిచిన ఖాళీ స్లాటొకటి ఉండును. దానిని తెలిసి వినియోగించుకొన్నచో ఆ అప్పు చాలవరకు తప్పును. ఆ స్లాటు స్వరూపమెట్టిది? అందు దేనిని అమర్చవచ్చును? కొనుటకు ముందు తెలిసికొనవలసినదేమి? ఈ మూడు ప్రశ్నలకు మేమిచట సంగ్రహముగా సమాధానము చెప్పదలచితిమి.

స్లాటు పరిణామము

1989లో ఏర్పడిన పి.సి.ఎం.సి.ఐ.ఏ. అను సంఘము 1990లో తన మొదటి ప్రమాణమును ప్రకటించినది. ఆ కార్డు పొడవు 85.6 మిల్లీమీటర్లు, వెడల్పు 54 మిల్లీమీటర్లు. అనగా మన జేబులోని బ్యాంకు కార్డంత. మోడెము, నెట్‌వర్కు మున్నగు సౌకర్యములు ఆనాడు దాని ద్వారా లభించెడివి. 2003లో దాని స్థానమున ఎక్స్‌ప్రెస్ కార్డు వచ్చినది. ఈ రెండును యంత్రము ప్రక్కనుండి చొప్పించునవి. యు.ఎస్.బి. వ్యాపించిన పిదప ఆ ద్వారములు క్రమముగా మూసికొనిపోయినవి.

నేటి ఖాళీ స్లాటు లోపల, అడుగు మూత క్రింద ఉండును. దాని పేరు ఎం.2. కొంత పాత యంత్రములలో ఆ చోట మినీ పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాటు కనబడును. ఎం.2 కార్డులకు 2230, 2242, 2280 అను సంఖ్యలు కలవు. మొదటి రెండంకెలు వెడల్పును, తక్కినవి పొడవును మిల్లీమీటర్లలో తెలుపును. 2280 అనగా 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు అని అర్థము.

ఆకారము వేరు, భాష వేరు

కార్డు అంచున ఒక గాటును, స్లాటులో దానికి సరిపడు అడ్డును ఉండును. గాటు స్థానమునుబట్టి బి, ఎం, ఇ అను పేర్లు వచ్చినవి. ఎం రకము ప్రధానముగా ఎస్.ఎస్.డి. కొరకు, ఇ రకము వైఫై కార్డు కొరకు, బి రకము మొబైల్ డేటా కార్డు లేక కొన్ని ఎస్.ఎస్.డి.ల కొరకు ఏర్పడినవి.

పెక్కుమంది పొరపడునది ఇచటనే. కార్డు స్లాటులో చక్కగా కూర్చున్నంత మాత్రమున పని చేయునని తలంచరాదు. ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరు విద్యార్థులలో ఒకరికి ఉర్దూ మాత్రమే, మరొకరికి తెలుగు మాత్రమే వచ్చినచో సంభాషణ సాగనట్లే, ఇదియు. ఎస్.ఎస్.డి.లు సాటా, ఎన్.వి.ఎం.ఇ. అని రెండు విధములు. రెండు గాట్లు గల సాటా ఎస్.ఎస్.డి. ఎం స్లాటులో ఇమిడిపోవును. కాని ఆ స్లాటుకు సాటా సంబంధము లేనిచో యంత్రము దానిని గుర్తింపనే గుర్తింపదు. కావున కొనుటకు ముందు మీ ల్యాప్‌టాప్ నమూనా సంఖ్యతో సర్వీసు మాన్యువల్ చూచి, గాటు, పొడవు, భాష ఈ మూడింటిని వ్రాసికొనవలెను.

ఉపయుక్తమైన పరికరములు

మొదటిది ఎస్.ఎస్.డి. తిరుగుడు హార్డు డిస్కు గల యంత్రమునకు ఇంతకు మించిన మేలు లేదు. ల్యాప్‌టాప్ హార్డు డిస్కు సెకనుకు సుమారు 100 మెగాబైట్లు చదువగా, సాటా ఎస్.ఎస్.డి. 550 వరకు, మూడవ తరము పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ నాలుగు మార్గములను వాడు ఎన్.వి.ఎం.ఇ. 3,500 వరకు చదువగలదు. ఆపరేటింగ్ సిస్టమును దీనిలో ఉంచి, పాత డిస్కును పాఠ్యాంశములకు వాడుకొనవచ్చును. అయితే బాగా పాత యంత్రములు కొన్ని ఎన్.వి.ఎం.ఇ. నుండి ప్రారంభము కాజాలవు.

రెండవది వైఫై కార్డు. 2.4 గిగాహెర్ట్‌జ్ మాత్రమే గ్రహించు పాత కార్డును మార్చినచో రద్దీ తక్కువగు 5 గిగాహెర్ట్‌జ్ తరంగములు అందును. ఇచట పేరును జాగ్రత్తగా చదువవలెను. ఇంటెల్ ఎ.ఎక్స్.200 సాధారణ స్లాటులో పని చేయును, ఎ.ఎక్స్.201 మాత్రము తన పనిలో కొంతభాగమును ఇంటెల్ ప్రాసెసరు పక్షమునకు అప్పగించును గనుక అందుకు తగిన యంత్రములలోనే పని చేయును. ఒక్క అంకె తేడాతో సొమ్ము వృథా కాగలదు.

మూడవది సిమ్ కార్డుతో నడచు మొబైల్ డేటా కార్డు. దీనికి లోపల యాంటెనా తీగలు, సిమ్ అర ముందే ఉండవలెను. అవి లేనిచో సెల్‌ఫోను హాట్‌స్పాటే చాలును.

జాగ్రత్తలు

యంత్రమును ఆపి, ఛార్జరు తీసి, లోపలి బ్యాటరీ సంబంధమును విడదీయవలెను. ఒంటిలోని స్థిర విద్యుత్తు పోవుటకు లోహమును తాకవలెను. కార్డును కొంచెము ఏటవాలుగా చొప్పించి, మెల్లగా వంచి, స్క్రూ బిగింపవలెను, బలప్రయోగము పనికిరాదు. కొందరు తయారీదారుల యంత్రములు తాము ఆమోదించిన వైఫై కార్డులను తప్ప అంగీకరింపవు. గ్యారంటీ నియమములను సైతము ముందు చూచుకొనవలెను.

మరియొక ముఖ్య విషయము. ఎస్.ఎస్.డి. ఏ హెచ్చరికయు లేక నిలిచిపోవచ్చును. ఒకే యంత్రములో రెండు డిస్కులున్నను, ఆ యంత్రము పోయిననాడు రెండును పోవును. ప్రాజెక్టు రికార్డుల నకలు యంత్రమునకు వెలుపల మరొకచోట ఉండి తీరవలెను.

కళాశాల కార్యవర్గమువారికి మా మనవి ఒక్కటి. పాత ల్యాప్‌టాప్‌లను వ్యర్థముల జాబితాలో చేర్చుటకు ముందు ప్రతిదాని మూత తీయించి, స్లాటు రకము, పొడవు, ఖాళీ వివరములను రిజిస్టరులో వ్రాయించినచో వానిలో ఎన్నో మరల విద్యార్థుల చేతికి రాగలవు. విద్యార్థులారా! క్రొత్త యంత్రమును కోరుటకు ముందు ఉన్న యంత్రమును చదువుడు.