బొమ్మల గది నుంచి పంటపొలానికి

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో డైమండ్ అనే పల్లె ఉంది. ఆ పల్లె దగ్గర 1864 ప్రాంతంలో ఒక బానిస స్త్రీకి జార్జి పుట్టాడు. అతడు పుట్టిన తేదీని ఎవరూ రాసిపెట్టలేదు. పశువుల లెక్క రాసుకొన్న యజమానులు కూడా బానిసల బిడ్డల పుట్టినరోజులు రాసుకోవడం అరుదు. జార్జి పసికందుగా ఉన్నప్పుడే ఒక దోపిడీ ముఠా తల్లీబిడ్డలను ఎత్తుకొనిపోయింది. యజమాని మోజెస్ కార్వర్ మనిషిని పంపి వెదికించగా బిడ్డ మాత్రమే దొరికాడు. తల్లి జాడ మరి తెలియలేదు. బానిసత్వం రద్దయిన తరువాత కూడా మోజెస్ దంపతులు ఆ బిడ్డను తమ ఇంటిలోనే పెంచారు. వారి ఇంటిపేరే అతని పేరు చివర నిలిచింది.

జార్జి ఒంటిలో బలం లేని పిల్లవాడు. అందువల్ల పొలం పనికి బదులు వంట, కుట్టుపని, బట్టలు ఉతకడం నేర్చుకొన్నాడు. తీరిక దొరికితే చాలు, అడవిలో మొక్కల మధ్య తిరిగేవాడు. వాడిపోయిన మొక్కకు మళ్ళీ చిగురు తెప్పిస్తాడని ఇరుగుపొరుగువారు అతనిని 'మొక్కల వైద్యుడు' అని పిలిచేవారు. ఊరి బడిలో నల్లపిల్లలకు చోటు లేదు. చదువు కోసం ఇల్లు విడిచి ఊరూరా తిరిగాడు. ఎక్కడ ఉంటే అక్కడ నాలుగిళ్ళలో పని చేసి పొట్టపోసుకొన్నాడు. కాన్సాస్ రాష్ట్రంలో ఒక కళాశాల అతని దరఖాస్తు చూసి సీటు ఇస్తామని ఉత్తరం రాసింది. తీరా అక్కడికి వెళ్ళాక, అతని రంగు చూసి పొమ్మన్నది.

ఆ దెబ్బతో కొన్నేళ్ళపాటు చదువు మాట ఎత్తలేదు. చివరకు అయోవా రాష్ట్రంలో పరిచయమైన ఒక తెల్ల దంపతులు నచ్చజెప్పగా, 1890లో ఇండియనోలా పట్టణంలోని సింప్సన్ కళాశాలలో చేరాడు. అప్పటికి అతనికి ఇరవై అయిదేళ్ళు దాటాయి. రుసుము కట్టగా చేతిలో పది సెంట్లు మిగిలాయని, వాటితో మొక్కజొన్న పిండి, కొంచెం కొవ్వు కొనుక్కొని వారం రోజులు గడిపానని ఆయన తరువాత చెప్పుకొన్నాడు. తోటి విద్యార్థుల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఖర్చులు జరుపుకొన్నాడు.

సింప్సన్‌లో అతడు కోరి నేర్చుకొన్నది చిత్రలేఖనం. పువ్వులు, ముళ్ళమొక్కలు గీస్తే ప్రతి ఈనె కనబడేది. చిత్రకళ నేర్పే ఎట్టా బడ్ అనే ఉపాధ్యాయిని ఆ బొమ్మలలో రెండు సంగతులు చూసింది. వీటిని గీసినవాడికి మంచి చేయి ఉన్నది. అంతకంటే ముఖ్యంగా, వీడు మొక్కను లోపలి నుంచి ఎరిగినవాడు. కాని ఆనాటి అమెరికాలో ఒక నల్లవాడు బొమ్మలు అమ్ముకొని బతకగలడా? ఆమె తండ్రి ఏమ్స్ పట్టణంలోని అయోవా రాష్ట్ర వ్యవసాయ కళాశాలలో ఉద్యానశాస్త్రం బోధించేవాడు. అక్కడకు మారమని ఆమె సలహా ఇచ్చింది.

సలహా తేలికగా మింగుడుపడేది కాదు. ఎన్నో తిప్పలు పడిన తరువాత తనను మనిషిగా ఆదరించిన కళాశాల అది. ప్రాణంగా ప్రేమించిన విద్య అక్కడే దొరికింది. కాని దక్షిణ రాష్ట్రాలలో లక్షలమంది నల్లవారు పరుల భూమిలో పత్తి పండిస్తూ, అప్పులలో మునిగి ఉన్నారు. వారికి కావలసినది చిత్రకారుడు కాదు, సేద్యం తెలిసినవాడు అని అతడు నిశ్చయించుకొన్నాడు. 1891లో ఏమ్స్ చేరాడు. ఆ కళాశాలలో మొదటి నల్లజాతి విద్యార్థి అతడే.

ఈనాడు అమెరికాలో ఇలా మారడానికి ఒక రాచబాట ఉంది. ఊరికి దగ్గరలోని కమ్యూనిటీ కళాశాలలో రెండేళ్ళు తక్కువ ఖర్చుతో చదివి, తరువాత విశ్వవిద్యాలయంలో వ్యవసాయశాస్త్రం పట్టాకు చేరవచ్చు. ముందు చదివిన రసాయనశాస్త్రం, జీవశాస్త్రం వంటివాటిని ఎంతవరకు లెక్కలోకి తీసుకొంటారో ముందుగానే కనుక్కోవాలి. లేకపోతే చదివినదే మళ్ళీ చదవవలసివస్తుంది. ఇటువంటి ప్రభుత్వ కళాశాలలలో మొదటిదిగా చెప్పే జోలియెట్ కళాశాల 1901లో వెలిసింది. మన దేశంలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ డిప్లొమా చదివినవారు అగ్రిసెట్ రాసి బి.ఎస్సీ. అగ్రికల్చర్‌లో చేరే వీలున్నది. కార్వర్‌కు ఏ బాటా లేదు. ఒక ఉపాధ్యాయిని మాట తప్ప.

ఏమ్స్‌లో మొదటి రోజులు చేదుగా గడిచాయి. విద్యార్థుల భోజనశాలలో అతనిని కూర్చోనివ్వలేదు. కింది అంతస్తులో పనివారితో కలిసి తినవలసివచ్చింది. సంగతి తెలిసి ఇండియనోలా నుంచి లిస్టన్ అనే తెల్ల స్త్రీ వచ్చింది. చక్కగా ముస్తాబై కార్వర్‌తోపాటు కళాశాల అంతా తిరిగి, అతని పక్కనే కూర్చుని భోజనం చేసింది. ఆ తరువాత అక్కడివారి తీరు మెత్తబడిందని కార్వర్ చెప్పేవాడు. జేమ్స్ విల్సన్ అనే ఆచార్యుడు తన కార్యాలయపు గదినే అతనికి నివాసంగా ఇచ్చాడు.

కుంచెను కార్వర్ పూర్తిగా వదలలేదు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు అతని చిత్రం వెళ్ళి గౌరవ ప్రశంస పొందింది. 1894లో పట్టా వచ్చింది. 1896లో మాస్టర్ పట్టా కూడా పొందాడు. ఈలోగా మొక్కల తెగుళ్ళకు కారణమయ్యే శిలీంధ్రాల పరిశీలనలో పేరు తెచ్చుకొని, అక్కడే బోధకుడయ్యాడు.

అదే సంవత్సరం బుకర్ టి. వాషింగ్టన్ పిలుపుపై అలబామాలోని టస్కెగీకి వెళ్ళాడు. ఏటేటా పత్తి వేసి అక్కడి నేల నిస్సారమైపోయింది. పత్తి తరువాత అలసందలు, వేరుశనగ వేయండని ఆయన రైతులకు చెప్పాడు. బళ్ళారి, అనంతపురం పల్లెల్లో బుడ్డలంటారే, ఆ పంటే. ఈ మొక్కల వేళ్ళమీది బుడిపెలలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తాయి. పండిన కాయలను ఏంచేయాలని రైతులు అడిగితే, వాటితో 105 రకాల వంటకాలు చేసుకొనే తీరును 1916లో పుస్తకంగా అచ్చువేయించాడు. వేరుశనగ వెన్నను ఆయనే కనిపెట్టాడని చాలామంది చెబుతారు. అది నిజం కాదు. బడికి రాలేని రైతుల కోసం 1906లో బండి మీద పనిముట్లు, విత్తనాలు పెట్టి పల్లెలకు పంపే ఏర్పాటు చేశాడు.

అలబామా మట్టిలోని ఎరుపు, పసుపు బంకమన్నుల నుంచి ఆయన రంగులు తీసేవాడు. 1943 జనవరిలో మరణించేవరకు టస్కెగీని వదలలేదు.