దేశం దాటిన పిల్లలకు పాచిపెంట నుంచి ఎనిమిది మాటలు

పై చదువులకని విదేశాలు వెళ్ళే పిల్లలు ఇప్పుడు మా సాలూరు, పాచిపెంట వైపు నుంచి కూడా కనబడుతున్నారు. వెళ్ళేముందు కొందరు నా దగ్గరికి వస్తారు. వీసా గురించో, చలికోట్ల గురించో అడుగుతారు. ఆ సంగతులు నాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. నేను 1978లో విశాఖలో ఇంజనీరింగు ముగించి అమెరికా వెళ్ళినవాణ్ణి. అక్కడే చదివి, అక్కడే కొలువు చేసి, తల నెరిశాక ఊరు చేరాను. వాళ్ళు అడగనిది ఒకటి నేను చెప్పగలను: దూరాన ఉండి ఎదిగే ఊరిని తెలుసుకుంటూ ఉండటం ఎలాగో. నేను సరిగ్గా చేయలేకపోయిన పని కనుక దాని కష్టం నాకు తెలుసు.

1. ఊరు మీ కోసం ఆగదు.

నేను బయల్దేరేనాటికి మా సాలూరు తాలూకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. మరుసటి ఏడు, 1979 జూన్‌లో, విజయనగరం జిల్లా పుట్టి మమ్మల్ని కలుపుకుంది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలొచ్చి పాచిపెంట మండల కేంద్రమైంది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాం. మా నాన్న పుట్టిన రోజుల్లో ఇదంతా విశాఖపట్నం జిల్లా. గడప కదలకుండానే మా ఇల్లు నాలుగు జిల్లాలు చూసింది. విజయనగరం జిల్లా ఏర్పడిన చాలాకాలం దాకా నేను కవరు మీద శ్రీకాకుళం జిల్లా అనే రాసేవాణ్ణి. పోస్టుమాన్‌కు మా నాన్న తెలుసు కనుక ఉత్తరాలు చేరేవి. చేరుతున్నాయి కదా అని, ఊరు నాకు ఇంకా తెలుసనుకున్నాను. మీ మనసులో ఉన్న ఊరి మీద మీరు విమానం ఎక్కిన తేదీ ఉంటుంది. ఏడాదికోసారైనా ఆ తేదీ మార్చుకోండి.

2. క్షేమ సమాచారం వేరు, ఊరి సమాచారం వేరు.

నీలం రంగు ఏరోగ్రామ్‌లో అమ్మ ఎప్పుడూ ఒకే మాట రాయించేది: అందరం కులాసా, నీ ఒళ్ళు జాగ్రత్త. వానలు పడినా అదే, పడకపోయినా అదే. దూరాన ఉన్న బిడ్డ బెంగపడకూడదని ప్రతి తల్లీ చేసే పనే అది. సంగతులు తెలిసింది నా బాల్య స్నేహితుడి వల్ల. సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. వాడు అక్కడ క్లీనరుగా చేరి, డ్రైవరై, చివరికి సొంత బండి కొన్నాడు. ఘాట్ ఎక్కి కోరాపుట్, జయపురం మీదుగా రాయపూర్ దాకా తిరిగేవాడు. "ఈ ఏడు చింతపండు కాపు లేదు. కొండోళ్ళు సంతకి రావటం లేదు. కిరాయిలు లేవు" అని రాసేవాడు. ఆ మూడు ముక్కల్లో ఊరి ఏడాదంతా ఉండేది. నేను వాడికి సగం ఉత్తరాలకు జవాబు రాయలేదు. ఇవాళ మీ చేతిలో వీడియో కాల్ ఉంది. అమ్మను తిన్నావా అని అడగండి, తప్పదు. ఆ తర్వాత ధరలు అడగండి. చింతపండు కిలో ఎంత, జీడిపిక్కలు ఎంత, గిరిజన సహకార సంస్థ ఎంతకు కొంటోంది, సంతలో షావుకారు ఎంతిస్తున్నాడు, ఉపాధి కూలి ఎన్నాళ్ళకు ఖాతాలో పడింది, సాలూరు బస్సు ఎన్ని ట్రిప్పులు తిరుగుతోంది. ఇవి తెలిస్తే ఊరు తెలిసినట్టే.

3. రోడ్డు పడినంత మాత్రాన అందరూ దగ్గర కారు.

తూర్పు కనుమలెక్కి జయపురం వైపు పోయే పాత దారికి మొదట్లో ఉన్న జమీందారీ ఊరు పాచిపెంట. మా చిన్నప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి అనేవాళ్ళం, ఇప్పుడది 26. దాని పక్కన రాయపూర్ నుంచి విశాఖపట్నానికి 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి కొత్తగా వస్తోంది. భోగాపురంలో విమానాశ్రయం. ఇవన్నీ చూసి మన ప్రాంతం దశ తిరిగిందని మీరు అక్కడ స్నేహితులతో చెప్పుకుంటారు. అబద్ధం కాదు. కానీ అదే రహదారి నుంచి తల పైకెత్తితే గిరిశిఖర గ్రామాలున్నాయి. అక్కడ నొప్పులొచ్చిన ఆడమనిషిని ఇప్పటికీ డోలీలో దింపుతున్నారు. గట్టి కర్రకు దుప్పటి రెండు కొసలూ ముడివేసి, అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుంటారు. పక్కన మరో ఇద్దరు నడుస్తారు, భుజం మార్చుకోవడానికి. రాళ్ళ మీద కాలు జారకుండా, గెడ్డ దాటి, అంబులెన్సు రాగలిగిన చోటుదాకా రావాలి. ఈ బాధ తప్పించడానికే నెలలు నిండేముందు కొండ మీది గర్భిణులను ఉంచేందుకు సాలూరులో వసతి గృహం పెట్టారు. ఊరు ఎదిగిందని ఎవరైనా చెబితే, ఎంత ఎత్తు దాకా ఎదిగిందని అడగండి.

4. దూరం నుంచి సలహా చెప్పడం తేలిక.

ఆరు వరుసల రోడ్డు మాట మొదలైనప్పుడు నేనింకా అమెరికాలోనే ఉన్నాను. వృత్తి రీత్యా ఇంజనీరును. రోడ్డంటే సహజంగా మక్కువ. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ రోడ్డు వల్ల ఒరిగే లాభాలన్నీ వరసపెట్టి రాశాను. రవాణా ఖర్చు తగ్గుతుంది, రేవుకు సరుకు త్వరగా చేరుతుంది, పిల్లలకు ఉద్యోగాలొస్తాయి. అందరూ బొటనవేళ్ళు ఎత్తారు. వరసకు తమ్ముడయ్యే రైతు ఒకడు మాత్రం ఒక్క మాట రాశాడు: "నీ ఎకరం పోయిందేటి అన్నా?" వాడు రోడ్డుకు వ్యతిరేకి కాదు. పరిహారం ఏ రేటుకు లెక్కగడతారు, పొలం రెండు ముక్కలైతే అవతలి మడికి నీరెలా పారుతుంది, ఎడ్లను ఎక్కడ దాటించాలి, ఇవీ వాడి ప్రశ్నలు. వాటిలో చివరి రెండింటికీ ఇంజనీరుగా నేను ఏదో ఒక జవాబు చెప్పగలిగి ఉండేవాణ్ణి. నేను లాభాలు వర్ణించే ఉత్సాహంలో ఉన్నాను. మీరు పెద్ద చదువులు చదువుతారు. మీ చదువు ఊరికి అందించండి, కానీ వాళ్ళు వేసిన ప్రశ్నకు జవాబుగా అందించండి.

5. డబ్బు పంపేముందు నోరు విప్పి అడగండి.

కాస్త స్థిరపడ్డాక ఊరికి ఏదైనా చేయాలని అందరికీ ఉంటుంది. నాకు తెలిసిన ఒకాయన విదేశం నుంచి డబ్బు పంపి తన పల్లె మొదట్లో స్వాగత ద్వారం కట్టించాడు. తండ్రి పేరు, తల్లి పేరు, సిమెంటు తామరపువ్వులు. చూడముచ్చటగానే ఉంది. అదే సమయంలో ఆ పక్క కొండ మీది గూడెంలో ఊటనీటిని కిందికి తెచ్చే పైపులు పగిలి, ఆడవాళ్ళు బిందెలతో గెడ్డకు దిగుతున్నారు. పైపులకు అయ్యే ఖర్చు ద్వారానికి అయినదానిలో ఓ మూలకు కూడా రాదు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. పంచాయతీ వార్డు సభ్యుణ్ణి, అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను, ఈ ముగ్గురినీ విడివిడిగా అడగండి. ముగ్గురూ చెప్పిన పని ఏదో అది చేయండి. ఇంకో సంగతి. భారత పాస్‌పోర్టు ఉన్నంతవరకు మీ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చే చందాకు పేచీ లేదు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నాక అదే చందా చట్టం దృష్టిలో విదేశీ విరాళం అవుతుంది. అనుమతి లేని సంఘం దాన్ని తీసుకుంటే చిక్కుల్లో పడేది వాళ్ళు.

6. కొండ మీద భూమి ఆశ పెట్టుకోకండి.

సెలవులకు వచ్చి, పొగమంచులో కొండలు చూసి, ఇక్కడో చిన్న ఇల్లుంటే అనుకోని ప్రవాసి లేడు. అరకు దాకా పర్యాటకం పెరిగాక ఆ ఆశకు దళారులు కూడా దొరుకుతున్నారు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనులకు తప్ప ఇతరులకు బదిలీ కాదు. 1959 నాటి నిబంధనను 1970లో మరింత గట్టిపరిచారు. జనం నోట అది వన్ ఆఫ్ సెవెంటీ. గిరిజనేతరులు తమలో తాము కొనుక్కున్నా చెల్లదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం సైతం ఆ భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదంది. అనంతగిరి మండలం కొండల్లో మొదలైన తగాదా అది. ఇంత పోరాడి నిలబెట్టుకున్న రక్షణను గిరిజనుడి పేరున బినామీ రాయించి దాటబోవడం, చట్టం మాట అటుంచి, అన్యాయం. నా తరంలో చదువుకున్నవాళ్ళే కొందరు ఆ పని చేశారు. నేను చూసీ మాట్లాడలేదు. ఇక కొండ కింద మీ తాతల పొలం ఉంటే, అది ఎవరి పేరున నమోదై ఉందో ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో చూసుకోండి. విదేశీ పౌరులైనా వారసత్వంగా వచ్చిన వ్యవసాయ భూమి ఉంచుకోవచ్చు. కొత్తగా కొనడానికి మాత్రం ప్రవాస భారతీయుడికి కూడా వీల్లేదు.

7. మట్టిరోడ్డు అందం మీకు, బురద వాళ్ళకు.

బొబ్బిలి నుంచి సాలూరుకు ఒక చిన్న రైలు మార్గం ఉంది. చాలాకాలం దాని మీద రైలుబస్సు నడిచింది. వచ్చినప్పుడల్లా దానెక్కి మురిసిపోయేవాణ్ణి. ఊరివాళ్ళు ఆటోల్లో, బస్సుల్లో పోయేవారు. పనికి వేళకు వెళ్ళాల్సినవాడికి మురిపెంతో పనిలేదు. పెంకుటిళ్ళు పోయి స్లాబులు వేస్తే నాకు నచ్చలేదు. వానాకాలంలో ఇల్లు కారకపోవడం ఎంత సుఖమో నాకు గుర్తురాలేదు. చోడి అంబలి ఎవరూ తాగడం లేదేమని వాపోయాను. నేనూ అమెరికాలో తాగలేదు. పాతదంతా పోయిందని వచ్చిన ప్రతిసారీ ఏడిస్తే ఇక్కడివాళ్ళు మీకు కొత్త సంగతులు చెప్పడం మానేస్తారు. మార్పులో ఏది మేలో వెతకండి. అరకు కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన రైతు కొండవాలులో పండించిన గింజ అంత దూరం ఎలా వెళ్ళింది, అమ్మిన ధరలో రైతుకు ఎంత చేరుతోంది, మా చింతపండుకూ జీడికీ ఆ దారి ఎందుకు పడలేదు? విదేశంలో చదివే పిల్లలు పట్టించుకోవలసినవి ఇలాంటివి.

8. వచ్చేయడం ఒక దారి, ఉండిపోవడం ఒక దారి, తేల్చుకోకపోవడమే నష్టం.

వరాహగిరి వెంకటగిరి 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. ఐర్లండు తిరుగుబాటు తర్వాత 1916లో అక్కడినుంచి పంపేస్తే తిరిగొచ్చి, మా సాలూరు రైలు నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టారు. 1937 ఎన్నికల్లో పక్కనే ఉన్న బొబ్బిలిలో సాక్షాత్తూ బొబ్బిలి రాజానే ఓడించారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920లలో అమెరికా వెళ్ళి, 1948లో అక్కడే కన్నుమూశారు; మళ్ళీ ఈ నేల తొక్కలేదు. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి ఆయనే సారథి. ఇవాళ మా కొండ గ్రామాల్లో ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే మాత్రలో ఉన్నది అదే. వచ్చినాయనా పనికొచ్చాడు, రానాయనా పనికొచ్చాడు. నేను మాత్రం వచ్చే ఏడాది వచ్చేస్తానని చాలా ఏళ్ళు చెప్పాను. అందువల్ల అక్కడ ఇరుగుపొరుగుతో కలవలేదు, ఇక్కడ ఏ పనీ మొదలుపెట్టలేదు. ఆ నిర్ణయం ముప్ఫై ఏళ్ళప్పుడు తీసుకోవలసింది. అరవై దాటాక తీసుకున్నాను.

పిల్లలూ, ఇన్ని మాటలు గుర్తుండకపోతే రెండు పనులు చేయండి. ఈ వారమే ఊళ్ళో మీ చుట్టం కాని ఒక మనిషికి ఫోన్ చేసి, ఊరి సంగతులేమిటని అడగండి. ప్రతి నెలా అడుగుతూ ఉండండి. భారత పాస్‌పోర్టు ఉన్నన్నాళ్ళూ ఓటరు జాబితాలో పేరు ఉంచుకోండి. విదేశాల్లో ఉన్న ఓటరు స్వయంగా వచ్చి ఓటేయాలి కనుక ప్రతిసారీ కుదరకపోవచ్చు. కుదిరినప్పుడు మాత్రం పెళ్ళిళ్ళ ముహూర్తాలకే కాకుండా ఎన్నికల తేదీకి కూడా టికెట్ కొనుక్కోండి. ఊరి మీద మాట్లాడే హక్కు ఊరి పని చేసినవాడికే ఉంటుంది.