నాన్నగారికి ప్రోస్టేట్ ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నాన్నగారికి 68 ఏళ్లు. ఏడాదిగా ప్రోస్టేట్ మాత్రలు వాడుతున్నా గత నెల మూత్రం ఆగిపోయి గొట్టం వేశారు. ఒకసారి తీసి చూశారు, మళ్లీ ఆగింది. ఆపరేషనంటే ఆయనకు భయం.

జవాబు: ఇక ఆలస్యం చేయకండి. స్కాన్‌లో గ్రంథి సైజు చూసి కాదు, మూత్రం ఆగినందుకే ఈ మాట చెబుతున్నాను. టీయూఆర్‌పీ అనే ఈ ఆపరేషన్‌లో పొట్టపై కోత ఉండదు. మూత్రనాళం గుండానే అడ్డుగా పెరిగిన కండను చెక్కి తీస్తారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపొద్దు. ఆపరేషన్ తర్వాత వీర్యం బయటకు రాకపోవచ్చు. పెద్దాయనకు మొహమాటపడకుండా చెప్పాల్సిన సంగతే.

గొట్టం సాధారణంగా కొద్దిరోజుల్లో తీసేస్తారు. అంతా కుదుటపడిందనుకున్న రెండోవారంలో లోపలి పొక్కు ఊడి మూత్రం మళ్లీ ఎర్రబడొచ్చు. కంగారుపడకుండా నీళ్లు ఎక్కువ తాగించండి. గడ్డలు పడి మూత్రం ఆగినా, చలిజ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నెలపాటు బరువులు, ముక్కడం వద్దు.