డిష్షూ, కేబులూ: అడవి అంచున ఒక లెక్క

ఉపగ్రహ టెలివిజన్, కేబుల్ టెలివిజన్ ఒకదానికొకటి విరోధులని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండింటి కార్యక్రమాలూ ఎక్కువగా భూమధ్యరేఖకు పైన, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహాల నుంచే వస్తాయి. తేడా అల్లా ఆ సంకేతాన్ని పట్టేది ఎవరన్నదే. కేబుల్‌లో ఆపరేటరు పెద్ద డిష్షుతో పట్టి తీగమీద పంచుతాడు; రెండోదానిలో ఎవరి డిష్షు వారిదే.

తీగకు ఇళ్లు దగ్గరగా ఉండాలి. దూరం పెరిగేకొద్దీ సంకేతం సన్నగిల్లుతుంది. మధ్యమధ్య యాంప్లిఫయర్లు, వాటికి కరెంటు కావాలి. అందుకే ఖమ్మం వీధుల్లో గిట్టుబాటయ్యే కేబుల్, భద్రాచలం అడవిలో విడివిడిగా ఉన్న కోయగూడేలకు గిట్టదు.

డిష్షుకు ఆ చిక్కు లేదు. మరి చెట్లో? లెక్క వేసి చూశాను. దూరదర్శన్ 2004లో ప్రారంభించిన ఉచిత సేవ ఇప్పుడు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది ఉపగ్రహం నుంచి వస్తోంది. భద్రాచలం నుంచి చూస్తే అది ఆగ్నేయంగా, సుమారు 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. డిష్షుకంటే 10 మీటర్లు ఎత్తైన చెట్టయినా 5 మీటర్ల అవతల ఉంటే అడ్డురాదు. నెలచందా కూడా లేదు.

అయితే జడివానలో ఆ తరంగాలు నీటిబొట్లలో ఇంకిపోయి బొమ్మ ఆగిపోతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. అలాంటప్పుడు మన వీధి కబురు చెప్పగలిగేది స్థానిక కేబుల్ చానలే. కాని స్తంభం ఒరిగిందా, అదీ మూగే.

కనుక నా సలహా: పట్టణంలో కేబుల్, గూడెంలో డిష్షు. వానాకాలంలో మాత్రం రెండుచోట్లా ఒక బ్యాటరీ రేడియో!