మూడు అంకెలు

పాలకొల్లు దగ్గర ఒక పల్లె. కాలవ గట్టు మీద ఒక డీజిల్ ఇంజను ఉంది. ఇంజను కింద మట్టి నల్లబడింది. చక్రం వెనక నించి ఆయిలు కారుతోంది.

అది దాళ్వా కాలం. వాళ్ళది శివారు చేను. కాలవ నీరు దానంతట అది చేలోకి ఎక్కదు. ఇంజనుతో తోడుకోవాలి. పైగా వంతుల వారీ నీళ్ళు. ఇంకో నాలుగు రోజుల్లో వాళ్ళ వంతు. ఆ వేళకు ఇంజను తిరక్కపోతే పొట్ట మీదున్న వరి ఎండిపోతుంది.

"రోజూ పావు లీటరు పోస్తున్నాంగా! ఈ నెల ఇలా లాగిద్దాం" అన్నాడు భర్త.

"పోసిందంతా ఎటు పోతోందండీ? కాలవలోకే గదా! ఆ నీళ్ళేగా మన మంచినీళ్ళ చెరువులోకి వచ్చేది" అంది భార్య.

ఆ మాట నిజమే. ఆ పక్క చాలా ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీరు పడుతుంది. కాలవ నీటితో చెరువు నింపుకొని తాగుతారు. ఇంకో భయం కూడా ఉంది. ఏ రోజయినా ఆయిలు పొయ్యడం మరిచిపోతే లోపల ఇనుమూ ఇనుమూ రాసుకొని ఇంజను పట్టేస్తుంది. అప్పుడు అయ్యే ఖర్చు ముందు సీలు ఖరీదు ఒక లెక్క కాదు.

ఆయిల్ సీలు అంటే చుట్టకుదురు లాంటి చిన్న రబ్బరు కట్టు. లోపల ఇనుప రేకు ఉంటుంది. తిరిగే ఇరుసును దాని అంచు పెదవిలా పట్టుకొని ఉంటుంది. ఆ పెదవి వెనక సన్నటి స్ప్రింగు చుట్టి ఉంటుంది. వేడికి రబ్బరు గట్టిపడుతుంది. పెదవి పగులుతుంది. ఆయిలు బయటికి వస్తుంది.

భర్త పాలకొల్లు వెళ్ళి "అయిదు హెచ్.పి. ఇంజనుకి సీలు" అని అడిగి ఒకటి తెచ్చాడు. మెకానిక్ అన్నయ్యను పిలిచారు. అతను రాగానే సీలు సంగతి ఎత్తలేదు.

"బ్రీదర్ చూశావా చెల్లెమ్మా?" అన్నాడు.

బ్రీదర్ ఇంజను ఊపిరి పీల్చే దారి. అది ఊకతో, దుమ్ముతో మూసుకుపోతే లోపల గాలి బిగుసుకుంటుంది. మూత బిగించిన గిన్నెలో ఎసరు పొంగినట్టే, ఆయిలును సీలు సందులోంచి బయటికి తోస్తుంది. ఆయిలు గీత దాటి పోసినా కారవచ్చు. బ్రీదర్ చూడకుండా సీలు మారిస్తే, ఆ కొత్తదీ కారుతుంది. ఇక్కడ బ్రీదర్ బాగానే ఉంది. తప్పు సీలుదే.

చక్రం చాలా బరువు. పుల్లరుతో లాగాలి. సుత్తితో కొట్టకూడదు. ఆ పని మెకానిక్కే చేశాడు. ఇంటి దగ్గర చేసుకొనే పని ఆ తరవాతే. డీజిల్ కొళాయి కట్టేశారు. ఆయిలు డబ్బాలోకి పట్టారు. ఇరుసుకు గీత పడకుండా పాత సీలును మెల్లగా ఊడదీశారు. దాని పెదవి అప్పడంలా విరిగింది.

కొత్త సీలు గూట్లోకి దిగలేదు.

"కొడితే అదే దిగుతుంది" అన్నాడు భర్త.

"ఆగండి" అంది భార్య. పాత సీలును కిరసనాయిలు గుడ్డతో తుడిచింది. దాని మీద అచ్చు అంకెలు కనపడ్డాయి. కూడబలుక్కొని చదివింది. 35, 50, 8. కొత్త దాని మీద చూసింది. 35, 52, 8.

మొదటి అంకె ఇరుసు లావు. రెండోది సీలు బయటి కొలత. మూడోది మందం. అన్నీ మిల్లీమీటర్లే. 10 మిల్లీమీటర్లు ఒక సెంటీమీటరు. పిల్లల స్కేలు మీద చిన్న గీతలు అవే. తేడా 2 మిల్లీమీటర్లు. బియ్యపు గింజ వెడల్పంత! కంటికి రెండూ ఒకలాగే ఉన్నాయి.

మర్నాడు ఆమే పాలకొల్లు వెళ్ళింది. అంకెలు కాగితం మీద రాసుకుంది. పాత సీలు కూడా పట్టుకెళ్ళింది. కొట్టతను ఇచ్చినదాని మీద అంకెలు చదివాకే డబ్బులిచ్చింది.

బిగించే ముందు ఇరుసు తుడిచి గోటితో రాసి చూసింది. పాత పెదవి ఆనిన చోట గాడి తగిలింది. "కొత్త సీలును రవ్వంత వెలుపలికి ఉంచుదాం. పెదవి నున్నటి చోట ఆనుతుంది" అన్నాడు మెకానిక్. ఇరుసు మీద మేకు గాడి అంచు పదునుగా ఉంటుంది. పెదవి తెగకుండా దాని మీద పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టారు. పెదవికి ఆయిలు రాశారు. స్ప్రింగు ఉన్న వైపు లోపలికి, ఆయిలు వైపుకి పెట్టారు. తిరగేసి పెడితే కారడం ఆగదు. చదునైన చెక్క ముక్క ఆనించి, చుట్టూ సమంగా, మెల్లగా తట్టారు. వంకర పోలేదు. కాగితం తీసేశారు. చక్రం ఎక్కించారు. గీత దాకా ఆయిలు పోశారు.

పాత ఆయిలును మెకానిక్ షెడ్డుకు పంపారు. అది చర్మానికి మంచిది కాదు కాబట్టి అందరూ సబ్బుతో చేతులు కడుక్కున్నారు.

సాయంత్రం గంటసేపు ఇంజను ఆడించి, కింద పాత పేపరు పరిచారు. తెల్లారి అత్తగారే ముందు వెళ్ళి చూసింది.

"పేపరు పొడిగానే ఉందే అమ్మాయ్!" అంది.

కోడలు సుద్దముక్కతో ఇంజను పాక తలుపు మీద రాసింది: 35 – 50 – 8.

చెప్పండి, రాయండి:
రోజుకు పావు లీటరు ఆయిలు కారితే, 20 రోజులకు ఎన్ని లీటర్లు?
మీ ఇంట్లో ఏ సామాను మీద అంకెలు ఉన్నాయి? చదివి, పలక మీద రాయండి.