ప్రాసెసర్ లోపలి పేజీలు

తిరునాళ్ల స్టేజీ అయినా, క్రిస్మస్ ఆరాధన అయినా మా కలిగిరి వైపు ట్యూబ్ యాంప్ మోసుకొచ్చే గిటారిస్టు కనపడడు. అందరి దగ్గరా ఉండేది ప్రాసెసరే. 1998లో లైన్ 6 వాళ్ల పాడ్ వచ్చినప్పుడు పని చాలావరకు పైనున్న నాబులతోనే అయిపోయేది. 2015లో వాళ్లే తెచ్చిన హీలిక్స్‌లో ఒక్క యాంప్‌ని తెరిస్తే చాలు, స్యాగ్, బయస్, రిపుల్, హమ్ అంటూ పేజీలకు పేజీలు. నా దగ్గరికి వచ్చే పిల్లలు ముందు వాటిలోకే దూరతారు. వాళ్లకి చెప్పే మాటలే ఇవి.

1. ఏ సెట్టింగ్ ఎవరి కోసమో ముందు తెలుసుకో నాయనా. స్యాగ్, బయస్ వాయించేవాడి వేళ్ల కోసం. హైకట్, లోకట్, లెవెల్ వినేవాళ్ల కోసం. నువ్వు బయస్ కాస్త పెంచావని షామియానా కింద ఎవరూ కనిపెట్టరు. గిటార్ కీచుమంటే మాత్రం చంటిబిడ్డతో సహా అందరికీ తెలుస్తుంది. అందుకే ముందు వాళ్ల పని చెయ్యి, మిగిలిన టైములో నీ వేళ్ల ముచ్చట తీర్చుకో.

2. క్యాబ్, అంటే స్పీకర్ పెట్టె సెట్టింగ్, దగ్గర తీరిగ్గా కూర్చో. యాంప్ మోడల్ మార్చి మార్చి అలిసిపోయేవాళ్లే ఎక్కువ, తేడా అంతా ఉన్నది ఇక్కడ. అసలు గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక బాగా పడిపోతుంది. మన సౌండ్ సిస్టమ్ బాక్సుల్లో హారన్ ఉంటుంది, అది అంతకు చాలా పైదాకా పలుకుతుంది. డిస్టార్షన్ ప్యాచ్‌లో ఈగలు ముసిరినట్టు జుయ్యిమనే చప్పుడు అక్కడి నుంచే. హైకట్ 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య పెట్టి మొదలుపెట్టు. కింద చూస్తే, మామూలు ట్యూనింగ్‌లో లావు తీగ ఖాళీగా మోగితే 82 హెర్ట్జ్. దాని కిందదంతా బేస్ గిటార్‌ది, డ్రమ్‌ది, మనకి పనిలేదు. లోకట్ 80 నుంచి 100 దగ్గర ఉంచు. ఇంకా గుచ్చుకుంటుంటే ఈక్యూ మీద పడకు. ముందు మైక్ జరుపు. స్పీకర్ నడిమధ్యన పెట్టిన మైక్ పదునుగా వింటుంది, అంచువైపు జరిపితే మెత్తబడుతుంది. ప్రాసెసర్‌లోని ఉత్తుత్తి మైక్ కూడా అంతే. ఎదురుగా నిజం గిటార్ యాంపే ఉంటే క్యాబ్ బ్లాక్ ఆపెయ్యి, రెండు స్పీకర్లు ఒకదాని మీద ఒకటి పడితే దుప్పటి కప్పినట్టు ఉంటుంది.

3. రాత్రి హెడ్‌ఫోన్లలో చేసిన ప్యాచ్‌ని నమ్మకు. సౌండు తక్కువైనప్పుడు చెవికి బేస్, ట్రెబుల్ రెండూ తగ్గి వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి చూపించారు. ఇంట్లో చాలలేదని పెంచిన బేసే స్టేజీ మీద గుమ్ముగుమ్మని మోగి పాటని మింగేస్తుంది. స్టేజీ సౌండుకి ఒక్కసారైనా వినాలి. అది కుదరని ఊళ్లో ప్యాచులన్నీ విప్పుకుని కూర్చోకుండా గ్లోబల్ ఈక్యూలో సవరించు.

4. స్యాగ్ అంటే ఏమిటని అడుగుతారు. బోరు మోటారు వెయ్యగానే ఇంట్లో బల్బు ఒక్క క్షణం మసకబారి తేరుకుంటుంది చూడు, అదే. ట్యూబ్ యాంప్‌లో తీగని గట్టిగా కొడితే లోపల వోల్టేజీ కుంగుతుంది. దెబ్బ మొన అణిగి, ఆ తర్వాత స్వరం ఉబ్బుతుంది. నిదానంగా లాగే లీడ్‌కి స్యాగ్ కొంచెం పెంచితే తీగ వేలికింద మెత్తగా సాగుతుంది. తెంపుతెంపుగా వేగంగా కొట్టే రిథమ్‌కి తగ్గించు, లేకపోతే దెబ్బ వెనకబడినట్టుంటుంది. బయస్ మరీ దించితే చిన్న స్వరాలు గరగరమంటాయి. మధ్యలో వదిలెయ్, తప్పేం లేదు.

5. మాస్టర్ వేరు, ఛానల్ వాల్యూమ్ వేరు. మాస్టర్ తిప్పితే టోన్ మారుతుంది. ఛానల్ వాల్యూమ్ తిప్పితే సౌండు మాత్రమే మారుతుంది. పాత ఫెండర్, పాత మార్షల్ యాంపుల్లో చాలావాటికి మాస్టర్ నాబే లేదు. అలాంటి యాంప్ మోడల్‌లో ప్రాసెసర్ ఇచ్చే మాస్టర్‌ని నిండా తెరిచి ఉంచితేనే అసలుకి దగ్గర.

6. పాడేవాళ్లకి దారి వదులు. మన నెల్లూరు బాలు మద్రాసులో తొలిరోజుల్లో నడిపిన ఆర్కెస్ట్రాలో ఇళయరాజా గిటార్, హార్మోనియం వాయించారు. అంతటివాడే పక్కవాద్యంగా కూర్చున్నాడు, మనమెంత! మాట స్పష్టత చాలావరకు 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. రిథమ్ ప్యాచ్‌లో అక్కడ కాస్త తగ్గించు, లీడ్ ప్యాచ్‌లో ఉంచుకో.

7. స్టీరియో మోజు వద్దు. మన ఊళ్లలో సిస్టమ్ నడిచేది మోనోలో. అటూ ఇటూ గెంతే డిలే పెట్టుకుని ఒకే వైరు మిక్సర్‌కి ఇస్తే సగమే వినపడొచ్చు.

8. హార్మనీ ఎఫెక్ట్‌కి రాగం తెలియదు. దానికి తెలిసింది మనం పెట్టిన స్కేలే. మేజర్‌లో పెట్టి మోహన రాగం పాట వాయిస్తే, రాగంలో లేని మధ్యమ నిషాదాలని అదే జొప్పిస్తుంది. మాయామాళవగౌళలో మరీ ఘోరం. నీ పాటలో ఉన్నది శుద్ధ రిషభం, అది చతుశ్రుతి రిషభాన్ని తెచ్చి తగిలిస్తుంది. మన పాటలకి దాన్ని ఆపేస్తేనే మేలని నా అభిప్రాయం. కావాలంటే సొంత స్కేలు రాసుకునే వీలున్న ప్రాసెసర్ వాడు.

9. లోపలి పేజీలో ఉండే హమ్ పాత యాంప్ గుర్రుమనడాన్ని అనుకరించేదే. స్టేజీ మీద వచ్చే గుర్రు కరెంటుది, మన దగ్గర 50 హెర్ట్జ్, దానితోపాటు 100. పేజీలు తిప్పితే అది పోదు. వెనకాల గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటే నొక్కు, లేకపోతే డీఐ బాక్స్ పెట్టు. ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరగ్గొట్టే తెలివి మాత్రం ఎవరు చెప్పినా వినకు. తీగల మీద చెయ్యి, మైకుకి మూతి ఆనించి నిలబడేది నువ్వే. నాయిస్ గేట్ కూడా ఎక్కువ బిగించకు, సాగదీసిన స్వరం తోక తెగిపోతుంది.

10. ప్రోగ్రామ్ ముందురోజు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చెయ్యకు. చెయ్యక తప్పకపోతే ప్యాచులన్నీ కంప్యూటర్లో దాచుకున్నాకే.

11. లీడ్ ప్యాచ్ రిథమ్ కన్నా 3 డెసిబెల్స్ పైన ఉండాలి. ఆ సంగతి మిక్సర్ దగ్గర కూర్చున్న అబ్బాయికి ముందే చెప్పు. లేకపోతే నువ్వు లీడ్ నొక్కినప్పుడల్లా అతను నీ ఫేడర్ కిందికి లాగుతూనే ఉంటాడు.